పైన పొడి, లోపల తడి
(వేంసూరు మస్జిదులో జుమా ప్రసంగ పాఠం)

సమస్త స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. కనిపించేదీ కనిపించనిదీ ఎరిగినవాడు ఆయనే. హృదయాలలో దాగినది ఆయనకు దాగదు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, ఆపై మీకు, దైవభీతి కలిగి ఉండవలసిందని హితవు పలుకుతున్నాము. నేడు మింబరు మీద నుంచి వాహనాల గురించీ, ఇంజిన్ల గురించీ మాట్లాడబోతున్నాము. నమాజు, ఉపవాసాల గురించి చెప్పవలసిన చోట ఈ షెడ్డు మాటలేమిటని కొందరికి తోచవచ్చు. కాని మన ధర్మం మస్జిదు గడప దగ్గర ఆగిపోయేది కాదు. బజారులోనూ, రహదారి మీదా, చేతిలోని తాళంచెవి విషయంలోనూ అది మనలను ప్రశ్నిస్తుంది. పైగా ఇది పరుల కథ కాదు, మన జమాఅతు కథ. ఇందులో తప్పు మనది. అందరి ఎదుటా ఒప్పుకోవలసిన బాధ్యత మాది.

మన మస్జిదు బండి సంగతి మీ అందరికీ తెలుసు. మీ చందాలతో కొన్న పాత వాహనం అది. రోగులను ఖమ్మం ఆసుపత్రికి చేర్చడానికీ, దూరపు జనాజాలకు మనుషులను తీసుకువెళ్ళడానికీ కమిటీ దానిని నడిపింది. గడచిన మే మాసంలో, ఆయాసంతో బాధపడుతున్న ఒక వృద్ధురాలిని తీసుకుని ఆ బండి సత్తుపల్లి మీదుగా ఖమ్మం బయలుదేరింది. కల్లూరు దాటి తల్లాడ చేరకముందే ఇంజిన్ ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. ఆ నెలలో మన ప్రాంతపు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ తల్లిని చింతచెట్టు నీడన పడుకోబెట్టి, చీర కొంగుతో విసురుతూ ఆమె కోడలు కూర్చుంది. 108 వాహనం వచ్చేవరకు నలభై నిమిషాలు గడిచాయి. అల్లాహ్ దయవల్ల ఆమె బ్రతికారు. కాని ఆ నలభై నిమిషాల లెక్క మన మీద ఉంది.

మరుసటి రోజు మెకానిక్ బండిని విప్పి చూశాడు. ఆయిల్ మూత తీయగానే లోపల పాల టీ రంగులో జిగట కనిపించింది. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. హెడ్డు వంగింది. కూలెంట్ ఆయిల్‌లో కలిసి బేరింగులు అరిగిపోయాయి. అప్పుడు అతడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇందులో ఎన్నాళ్ళ నుంచి నీళ్ళు తగ్గుతున్నాయి?"

ఆ ప్రశ్నకు సమాధానం మా అందరి దగ్గరా ఉంది. మూడు నెలల నుంచి తగ్గుతున్నాయి. బండి నడిపినవారు నలుగురు. ప్రతి ఒక్కరూ ట్యాంకులో మట్టం తగ్గి ఉండడం చూశారు. ప్రతి ఒక్కరూ ఒక సీసా నీళ్ళు పోసి, మూత బిగించి, తాళంచెవి మేకుకు తగిలించి వెళ్ళిపోయారు. కింద నేల మీద ఒక్క చుక్క తడి లేదు, కాబట్టి కారడం లేదనుకున్నారు. చెప్పవలసినది మరొకరు చెబుతారనుకున్నారు. సోదరులారా! ఆ నలుగురిలో ఒకరు ఇప్పుడు మీ ఎదుట నిలిచి మాట్లాడుతున్నారు.

కింద తడి లేనప్పుడు నీరు ఎక్కడికి పోయింది? ఇది ప్రతి వాహన యజమానీ తెలుసుకోవలసిన విషయం. ఇంజిన్‌లో ఇంధనం మండేచోట వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి లోహం పాడవకుండా దాని చుట్టూ సన్నని కాలువల గుండా కూలెంట్ ప్రవహిస్తుంది. వట్టి నీరు నూరు డిగ్రీలకే మరుగుతుంది. గ్లైకాల్ సగపాళ్ళుగా కలిపి, మూతబిగించిన ఒత్తిడిలో ఉంచితే అదే ద్రవం నూట ఇరవై డిగ్రీలకు కూడా మరగదు, లోహాన్ని తుప్పు పట్టనీయదు. ఇంజిన్ దిగువభాగానికీ, పైన కూర్చునే హెడ్డుకూ మధ్య పలుచని గ్యాస్కెట్ ఉంటుంది. మండే వాయువు, ఆయిల్, కూలెంట్ అనే మూడూ ఒకదానిలో ఒకటి కలవకుండా కాపలా కాసేది అదే. ఇంజిన్ ఒక్కసారి మితిమీరి వేడెక్కితే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ చెదురుతుంది. అప్పుడు కూలెంట్ బయటికి కాక లోపలికే కారుతుంది. సిలిండరులోకి పోతే ఆవిరై తెల్లని పొగగా వెళ్ళిపోతుంది. ఆయిల్‌లోకి పోతే ఆయిల్ జారుడుగుణం పోయి బేరింగులు నలుగుతాయి. సిలిండరులో నిండుగా చేరితే పిస్టన్ పైకి లేవలేక కడ్డీ వంగిపోతుంది. నీటిని నొక్కి కుదించలేము గదా!

దీనికి సూచనలు లేకపోలేదు. బయట చుక్క కారకుండానే ట్యాంకులో మట్టం మాటిమాటికీ తగ్గడం మొదటి సూచన. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా తియ్యని వాసనతో తెల్లని పొగ ఆగకుండా రావడం, ట్యాంకులో బుడగలు లేవడం, ఆయిల్ పాల టీ రంగుకు మారడం, ఉదయం బండి తీయగానే రేడియేటర్ పైపు గట్టిపడడం మిగిలినవి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బండి ఆపి, ప్రెషర్ టెస్టు చేయించి చూపించుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు. ఎగజిమ్మే ఆవిరి ముఖాన్ని కాలుస్తుంది.

ఇంకొక సంగతి మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. ఆనాడు బండి నడిపిన యువకుడు, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉందని ప్రమాణం చేసి చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. వేడిని కొలిచే పరికరం కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. కూలెంట్ పూర్తిగా తరిగిపోయి అది ఖాళీలో మిగిలితే, ఇంజిన్ కాలుతున్నా ముల్లు నెమ్మదిగానే ఉండవచ్చు. మనిషి అంతరాత్మ కూడా ఇటువంటిదే. హృదయంలో దైవభీతి నిండుగా ఉన్నంతకాలం చిన్న తప్పుకే అది కదులుతుంది. అది ఆరిపోయిన తరువాత ఎంత పాపానికైనా కదలదు. ముల్లు కదలడం లేదు కాబట్టి క్షేమంగానే ఉన్నామని మనం అనుకుంటాము.

సోదరులారా! కొందరు నిర్లక్ష్యానికి తవక్కుల్ అని పేరు పెడతారు. 'అల్లాహ్ ఉన్నాడు, ఏమీ కాదులే' అంటారు. ఒంటెను వదిలివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, కట్టివేసి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాత నమ్ముకొమ్మని మహాప్రవక్త (స) ఉపదేశించిన సంగతి తిర్మిజీ గ్రంథం ద్వారా మనకు చేరింది. ట్యాంకు మట్టం చూడడం నేటి మన ఒంటెను కట్టడమే. నలుగురి వాహనం మన చేతిలో ఉంటే అది అమానతు. అందులో మనం పోసిన సీసా నీళ్ళు సేవ కాదు. అవి రాబోయే ప్రమాదాన్ని మరొకరి వంతుకు వాయిదా వేయడం మాత్రమే.

అయితే ఈ కథ అక్కడితో ముగియలేదు. అసలు పరీక్ష ఆ తరువాతే వచ్చింది.

మరమ్మతుకు డెబ్బై వేలు అవుతుందని అంచనా చెప్పారు. కమిటీ దగ్గర అంత సొమ్ము లేదు. అప్పుడొకరు ఉపాయం చెప్పారు. ఆయిల్ మార్చి, గ్యాస్కెట్ చౌకగా సర్ది, కారుట ఆపే ద్రవం ఒక డబ్బా రేడియేటర్‌లో పోస్తే కొన్ని వారాలు బండి చక్కగా నడుస్తుందట. పైకి ఏమీ తెలియదట. ఆలోగా రెండు లక్షల అరవై వేలకు అమ్మివేయవచ్చునట. కొనడానికి పొరుగూరి డ్రైవరు ఒకరు సిద్ధంగా ఉన్నారు. భద్రాచలం వెళ్ళే యాత్రికులను తిప్పుకుని బ్రతకాలని ఆయన ఆశ. భార్య పుస్తెల గొలుసు తాకట్టు పెట్టి సొమ్ము తెస్తానన్నారు.

ఇషా నమాజు తరువాత ఇక్కడే, ఈ వరుసలోనే కూర్చుని మాట్లాడుకున్నాము. ఆనాడు పలికిన మాటలు ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలుగుతుంది. 'ఇది మన సొంత సొమ్ము కాదు, జమాఅతు సొమ్ము. దైవగృహానికి నష్టం రాకూడదు' అన్నారొకరు. 'పాత బండి కొనేవాడు చూసుకుని కొనుక్కోవాలి, లోకమంతా ఇంతే' అన్నారు మరొకరు. చెప్పడానికి బాధగా ఉన్నా చెబుతున్నాము: మేము కూడా రెండు రోజులు మౌనంగా ఉన్నాము. ఆ మౌనంలో అంగీకారం ఉంది. మా కోసం చేస్తే తప్పు అనిపించేది, మస్జిదు కోసం చేస్తే తప్పు కాదనిపించింది. షైతాను దుర్మార్గుడి దగ్గరికి దుర్మార్గపు వేషంలో వస్తాడు. నమాజీ దగ్గరికి మాత్రం చందా పుస్తకం చంకలో పెట్టుకుని వస్తాడు.

మూడవ రోజు మన పెద్దలలో ఒకరు, ధాన్యం వ్యాపారంలో జీవితం గడిపిన చాచా, లేచి నిలబడ్డారు. "మీరంతా చదువుకున్నవారు. తడిసిన ధాన్యం సంగతి మరచిపోయారా?" అన్నారు. అంతే. ఎవరూ తల ఎత్తలేకపోయారు.

ఆ సంగతి ముస్లిం హదీసు గ్రంథంలో అబూ హురైరా (రజి) ద్వారా ఉల్లేఖితమైంది. మహాప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ, అందులోకి చేయి దూర్చి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన కురిసి తడిసిందని అతడు చెప్పాడు. అలాగైతే జనులకు కనిపించేలా తడిసినదానిని పైనే ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు. ఆలోచించండి సోదరులారా! వాన కురిపించింది ఆ వ్యాపారి కాదు. ధాన్యం తడవడం అతడి నేరం కాదు. తడిసిన ధాన్యం అమ్మడం కూడా నేరం కాదు. తడిని లోపలికి తోసి, పొడిని పైకి తేవడమే నేరం. గ్యాస్కెట్ కాలడం వానవంటిది. డబ్బాలోని ద్రవం పోసి అమ్మడం రాశిని తిరగవేయడం వంటిది. పైన పొడి, లోపల తడి. పద్నాలుగు శతాబ్దాల నాటి ఆ రాశికీ మన బండికీ తేడా ఏమున్నది?

సహచరులు ఈ బోధను ఎంత గట్టిగా పట్టుకున్నారో వినండి. వాసిలా బిన్ అస్ఖా (రజి) బజారులో నిలబడి ఉండగా ఒకరు మూడు వందల దిర్హములకు ఒంటెను అమ్మారు. కొన్న వ్యక్తి దానిని తోలుకుని పోతున్నాడు. వాసిలా (రజి) పరధ్యానం నుంచి తేరుకుని, వెనుకనే పరుగెత్తి అతడిని పిలిచారు. మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసమా అని అడిగారు. ప్రయాణం కోసమని తెలియగానే, దాని పాదంలో రంధ్రం ఉంది, వరుసగా నడవలేదని చెప్పారు. అతడు తిరిగివచ్చాడు. అమ్మినవాడు వంద దిర్హములు తగ్గించవలసి వచ్చింది. తన బేరం చెడగొట్టారని అతడు నిష్ఠూరమాడాడు. లోపం చెప్పకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదనీ, ఆ లోపం ఎరిగినవాడు చెప్పకుండా ఉండడం కూడా ధర్మసమ్మతం కాదనీ తాము ప్రవక్త (స) నుంచి విన్నామని వాసిలా (రజి) బదులిచ్చారు. గమనించండి! ఆ ఒంటె వారిది కాదు. ఆ బేరంతో వారికి సంబంధం లేదు. తెలిసి ఉండడం ఒక్కటే వారికి సంబంధం. ఆ కాలపు వాహనం ఒంటె. ఆ ఒంటె పాదంలోని రంధ్రమే నేటి కాలిన గ్యాస్కెట్.

మరునాడు ఆ డ్రైవరును పిలిపించి, విప్పిన హెడ్డు ఆయన ముందు పెట్టి, జరిగినదంతా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "సాయిబు గారూ, గొలుసు నిన్ననే బ్యాంకులో పెట్టి వచ్చాను" అన్నారు. ఆపైన లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. చివరికి బండిని ఉన్నది ఉన్నట్లుగా చెప్పి, లక్షా పదివేలకు ఒక మెకానిక్‌కు ఇచ్చివేశాము. లోపం ఏమిటో అమ్మకపు కాగితం మీదే రాసి సంతకం చేశాము. జమాఅతుకు లక్షా యాభై వేలు తక్కువ వచ్చాయి. ఆ నష్టానికి బదులుగా ఆకాశం నుంచి ఏదో వరం దిగివచ్చిందని మేము చెప్పడం లేదు. ఇప్పటికీ బండి లేదు. రోగులు ఉన్నప్పుడు ఆటో వెతుక్కుంటున్నాము. కాని ఆ గొలుసు మన మోసానికి బలి కాలేదు. భద్రాచలం దారిలో యాత్రికుల పిల్లలతో ఆ బండి అడవి మధ్య ఆగిపోలేదు. ఆ డ్రైవరు మన ధర్మం వారు కారు. ప్రళయదినాన ఆయన మన మీద హక్కు కోరేవారు. అమ్మేవారు, కొనేవారు నిజం పలికి లోపం వివరిస్తే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టబడుతుందనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించారు. శుభమంటే అధిక ధర కాదని ఆనాడు మాకు అర్థమైంది.

ఇంతటితో మొదటి ప్రసంగం ముగిస్తూ, మాకోసం, మీకోసం అల్లాహ్‌ను క్షమాభిక్ష అర్థిస్తున్నాము. మీరూ అర్థించండి.

(రెండవ ప్రసంగం)

అల్లాహ్‌కే స్తోత్రాలు. ఆయన ప్రవక్త (స) పైన శాంతి శుభాలు కలుగుగాక!

సోదరులారా! న్యాయం ఒకవైపు మాత్రమే ఉండదు. అమ్మేవాడిని హెచ్చరించిన ధర్మం కొన్నవాడి హక్కును కూడా కాపాడుతుంది. ఒక్కోసారి తప్పు యజమానిది కాదు, మెకానిక్‌ది కాదు, తయారీదే కావచ్చు. 2017లో అమెరికాలో ఫోర్డ్ సంస్థ 1.6 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజిన్ గల రెండు లక్షలకు పైగా వాహనాలను వెనక్కు పిలిపించింది. కూలెంట్ ప్రసరణ లోపించి ఇంజిన్ వేడెక్కితే హెడ్డు పగిలి, ఆయిల్ కారి, మంటలు రేగవచ్చునని ఆ సంస్థే ప్రకటించింది. అంత పెద్ద సంస్థ అయినా లోపం ఒప్పుకుని ప్రకటించక తప్పలేదు. మన దేశంలో కూడా 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం, లోపమున్న వాహనాలను వెనక్కు పిలిపించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపభూయిష్టమైన వస్తువుకు తయారీదారూ అమ్మకందారూ జవాబుదారులు. 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన వెల ఐదు లక్షలలోపు అయితే రుసుము కూడా లేదు. కాబట్టి సర్వీసు బిల్లులు, వారంటీ కాగితాలు భద్రపరచుకోండి. హక్కు అడగడం కలహం కాదు. కాని రుజువు లేకుండా ఒకరి మీద నింద మోపడం మాత్రం పాపం. ఇంజిన్ పోయిన బాధలో నోటికి వచ్చినట్లు మెకానిక్‌ను దొంగ అనకండి. ముందు పరీక్ష చేయించి, కారణం తెలుసుకోండి.

మన జమాఅతులో షెడ్డు నడుపుకునే సోదరులకు ఒక ప్రత్యేక హితవు. మీ చేతుల్లో మనుషుల ప్రాణాలున్నాయి. పాడైన భాగాన్ని యజమానికి చూపించండి. మార్చని దానికి మార్చినట్లు సొమ్ము పుచ్చుకోకండి. కారుట ఆపే ద్రవం వైద్యం కాదని, అది రేడియేటర్ సన్నని గొట్టాలను కూడా పూడ్చివేయగలదని ఉన్నదున్నట్లు చెప్పండి. తీసిన పాత కూలెంట్‌ను నేల మీద పారబోయకండి. గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది గాని విషం. దాహంతో వచ్చిన కుక్కో, పిల్లో నాకితే చనిపోతుంది. పసిపిల్లలకూ అదే ప్రమాదం. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని విన్న మనం, దాహంతో వచ్చిన జీవికి విషం పరచి ఉంచగలమా?

చివరిగా ఒక్క మాట. దేహంలో ఒక మాంసపు ముద్ద ఉన్నదనీ, అది బాగుంటే దేహమంతా బాగుంటుందనీ, అది చెడితే దేహమంతా చెడుతుందనీ, అదే హృదయమనీ మహాప్రవక్త (స) తెలియజేశారు. బండి రంగు మెరిసినా, సీట్లు కొత్తగా ఉన్నా, లోపల కారుట ఉంటే ఆ మెరుపు దారి మధ్యలో ఆగిపోతుంది. మన నమాజు వరుసలు తిన్నగా ఉండవచ్చు. మన టోపీలు తెల్లగా ఉండవచ్చు. మన మాటల్లో అల్లాహ్ నామం ఉండవచ్చు. లోపల నిజాయితీ ఏ రంధ్రం గుండా తరిగిపోతున్నదో ప్రతి ఒక్కరం చూసుకోవాలి. మట్టం తగ్గిన ప్రతిసారీ పైపైన ఒక సీసా నీళ్ళు పోసి మూత బిగించడం పశ్చాత్తాపం కాదు. కారేచోటు వెతికి, విప్పి, బాగుచేసుకోవడమే తౌబా. దానికి ఖర్చవుతుంది. సిగ్గు కూడా కలుగుతుంది. మేము ఈ రోజు మీ ఎదుట చెల్లిస్తున్నది ఆ ఖర్చే.

ఆనాడు చింతచెట్టు నీడన పడుకున్న ఆ తల్లిని కలిసి మేము క్షమాపణ కోరాము. ఆమె పెద్ద మనసుతో క్షమించారు. బండి నడిపిన మిగతా ముగ్గురు సోదరులు కూడా ఆమె గడప తొక్కి రావలసిందని కోరుతున్నాము.

ఓ అల్లాహ్! మా చేతులలోని అమానతులను కాపాడే శక్తిని మాకు ప్రసాదించు. మా లోపాలను పరుల ఎదుట దాచి అమ్ముకునే దుర్బుద్ధి నుంచి మమ్మల్ని రక్షించు. మా సంపాదనను ధర్మసమ్మతం చేయి, కొంచెమైనా శుభప్రదం చేయి. మా దారుల్లో ప్రయాణించేవారందరినీ, వారు ఏ ధర్మంవారైనా, క్షేమంగా ఇల్లు చేర్చు. పుస్తెలు తాకట్టు పెట్టి బ్రతుకు వెతుక్కునేవారికి మేలైన ఉపాధి చూపించు. మేము చెప్పవలసినది చెప్పక మౌనంగా ఉన్న క్షణాలను మన్నించు. ఆమీన్.

సోదరులారా! వరుసలు సరిచేసుకుని నమాజుకు నిలబడండి.